కళింగం నుంచి ‘కెలింగ్’ దాకా: మాటకు పుట్టుక ప్రమాణమా, వాడుక ప్రమాణమా?

మలక్కా పాత పట్నంలో కంసాలి వీధి ఒకటి ఉంది. మలయ్‌లో జలాన్ తుకాంగ్ ఎమస్ అంటారు. ఆ వీధిలో అంచెలంచెలుగా లేచిన పెంకుటి కప్పుతో, బౌద్ధ పగోడాను తలపించే మీనారుతో ఒక మసీదు కనిపిస్తుంది. 1748లో చెక్కతో కట్టారు, 1872లో ఇటుకతో తిరగకట్టారు. పేరు కంపుంగ్ క్లింగ్ మసీదు, అంటే క్లింగుల పేట మసీదు. పినాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్‌లో దీనికంటే పెద్దది, 1801 ప్రాంతంలో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. 2008లో యునెస్కో ఈ రెండు నగరాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పర్యాటకుల పటాల మీద ‘కెలింగ్’ అన్న మాట గౌరవంగానే అచ్చవుతోంది.

అదే మాటను మలేషియాలో ఒక భారతీయ సంతతి మనిషి మొహం మీద అంటే అది తిట్టు. బడిలో పిల్లవాడు అంటే తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుడి గదికి వెళ్తారు. నాయకుడు అంటే పత్రికలకు ఎక్కుతుంది. ‘ఆ మాట కళింగం నుంచి వచ్చింది, అందులో తప్పేముంది’ అని ఒకరంటారు. ‘ఎక్కడినుంచి వచ్చిందో కాదు, ఎక్కడ గుచ్చుకుంటోందో చూడండి’ అని ఇంకొకరంటారు. ఈ వాదన దశాబ్దాలుగా సాగుతోంది. నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, వీధి పేర్లు, చివరకు ప్రధానమంత్రిగా పనిచేసిన నాయకుడు కూడా ఇందులో చిక్కుకున్నారు. తెలుగువారికి ఇది పరాయి గొడవ కాదు. కళింగంలో సగం మన ఉత్తరాంధ్రే.

మాట నడిచి వచ్చిన దారి

‘కెలింగ్’కు మూలం కళింగమేనన్నది పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకున్న మాట. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా మలయ్ ప్రాంతాల ‘క్లింగ్’ను కళింగంతోనే ముడిపెట్టి, ఆ కళింగం కృష్ణ నుంచి మహానది దాకా ఉన్న తీరమని వివరించింది. తూర్పు గంగరాజుల కళింగనగరం ఇప్పటి శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం. అదే తీరంలో కళింగపట్నం రేవు ఉంది. అక్కడినుంచి ఓడలెక్కిన వర్తకుల పేరు సముద్రం అవతల వారి ఊరి పేరే అయింది.

అయితే ఆ పేరు కళింగులకే పరిమితమై ఉండలేదు. జావాలో దొరికిన పాత శాసనాలు కొన్ని విదేశీ వర్తకుల జాబితాలో క్లింగులను, ద్రావిడులను వేరువేరుగా చెప్పాయి. తర్వాతి మలయ్ రచనల్లో ఆ తేడా చెరిగిపోయింది. 1612 నాటి ప్రతి ద్వారా ఎక్కువగా తెలిసిన ‘సెజారా మెలాయు’లో ‘బెనువా కెలింగ్’ అంటే మొత్తం దక్షిణ భారతం. మలయ్ రాజవంశాల మూలాలను చెప్పేచోట ఆ గ్రంథం కెలింగ్ దేశపు రాజులను గొప్పగా స్మరిస్తుంది. ‘హికాయత్ హంగ్ తువా’లో మలక్కా వీరుడు హంగ్ తువా రాయబారిగా కెలింగ్ దేశానికి వెళ్తాడు. ఆ దేశపు రాజధాని ‘బిజయ నగరం’, అక్కడి రాజు ‘కిస్న రాయన్’. తెలుగు పాఠకుడికి ఆ రాయలెవరో చెప్పనక్కర్లేదు. అప్పటికి ఆ మాటలో చిన్నచూపు లేశమైనా లేదు.

1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకున్నాక క్లింగ్ వర్తకుల్లో పలుకుబడి గల నైనా చట్టును ఆ సమాజానికి పెద్దగా నియమించారు. 1512–15 మధ్య రాసిన పోర్చుగీసు రచయిత తోమే పిరెష్ క్లింగులను మలక్కాలోని సంపన్న వర్తకుల్లో లెక్కించాడు. మలక్కాలో పుట్టిన మున్షీ అబ్దుల్లా 19వ శతాబ్దం నడుమ తన జీవితకథ రాసుకుంటూ తమిళాన్ని ‘కెలింగ్ భాష’ అనే పిలిచాడు. ఆయన వంశంలోనే ఆ మూలాలు ఉన్నాయి. ఆ పేరు వాడటానికి ఆయన సంకోచించలేదు.

మాట ఎప్పుడు చేదెక్కింది?

చేదు ఒక్కరోజులో ఎక్కలేదు. 18వ శతాబ్దం చివరినుంచి ఈస్టిండియా కంపెనీ భారతదేశం నుంచి ఖైదీలను పినాంగ్, మలక్కా, సింగపూర్‌లకు పంపి రోడ్లు వేయించింది, కట్టడాలు కట్టించింది. ఈ మూడూ కలిసిన స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌లో ఈ పద్ధతి 1873 దాకా సాగింది. ఆ కాలంలోనూ, ఆ తర్వాతా చెరకు, కాఫీ, రబ్బరు తోటలకు కూలీలు వచ్చారు. ఎక్కువమంది తమిళులు. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి బయల్దేరిన తెలుగువారు దిగువ పేరాక్‌లోని బగాన్ దతుక్, తెలుక్ ఇంతాన్ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో కుదురుకున్నారు. అంతకుముందు ‘క్లింగ్’ అంటే ఓడ యజమాని గుర్తొచ్చేవాడు. ఇప్పుడు గోచీ కట్టిన కూలీ గుర్తొచ్చాడు. 1879లో ఈ ప్రాంతంలో పర్యటించిన ఇసబెల్లా బర్డ్ వంటి ఆంగ్ల రచయితల పుస్తకాల్లో క్లింగులు నల్లని ఒంటి రంగుతో, చాకిరీతో కనిపించే జనం.

మలయ్ పలుకుబళ్లలో కూడా ఆ మార్పు అచ్చయింది. గోలగోలగా మాట్లాడేవాణ్ణి ‘ఓడ మునిగిన కెలింగ్‌లా’ అంటారు. కల్లు తాగిన కెలింగ్ మీదా ఒక సామెత ఉంది. ఒక జాతి పేరు సామెతల్లో ఎగతాళిగా స్థిరపడ్డాక ఆ పేరు మళ్లీ ఉత్త పేరుగా మిగలడం కష్టం.

ఇక్కడే ఒక జానపద వ్యుత్పత్తి పుట్టింది. ఖైదీల కాళ్ల సంకెళ్లు ‘క్లింగ్ క్లింగ్’మని మోగేవి కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. ఇది చరిత్రకు నిలవదు. ఖైదీలు రావడానికి రెండు వందల డెబ్భై ఏళ్ల ముందే పోర్చుగీసువారు ఆ మాట రాసుకున్నారు. కాని ఈ కథను పొరపాటని కొట్టేసి ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఒక సమాజం తన పేరులో సంకెళ్ల చప్పుడు వింటోందంటే ఆ పేరు వాళ్లమీద ఎలా పడిందో ఆ కథే చెబుతోంది. మూలం తప్పు, బాధ నిజం.

సింగపూర్‌లో ఈ బాధ ముందే బయటపడింది. అక్కడి క్లింగ్ స్ట్రీట్ పేరు భారతీయులకు నచ్చక, 1920ల మొదట్లో చూలియా స్ట్రీట్‌గా మారింది. ఇండోనేషియాలోని మెదాన్‌లో కంపుంగ్ కెలింగ్ కంపుంగ్ మద్రాస్ అయింది. మలేషియాలో మాత్రం మసీదుల పేర్లు, మలక్కా పడమటి తీరంలోని తంజుంగ్ కెలింగ్ పేరు అలాగే నిలిచాయి.

మూలవాదులు చెప్పేది

మొదటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. కెలింగ్ అంటే కళింగుడు. కళింగం గొప్ప రాజ్యం. మాట చరిత్ర తెలియకపోవడం వల్లే జనం నొచ్చుకుంటున్నారు, చరిత్ర నేర్పితే నొప్పి పోతుంది. మలయ్ సాహిత్యంలో అది గౌరవవాచకంగా ఉంది, నిఘంటువులోంచి తీసేస్తే ఆ సాహిత్యం చదివేవాళ్లు ఏం చేయాలి? మలేషియా జాతీయ భాషాసంస్థ దేవాన్ బహాసా దాన్ పుస్తకా, అది ప్రచురించే ‘కాముస్ దేవాన్’ నిఘంటువు ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నాయి. నిఘంటువులో ఆ మాట ఉండటమే అవమానమని భారతీయ ముస్లింలు సహా కొందరు అభ్యంతరం చెప్పారు. నిఘంటుకారుల పక్షాన ఉన్నవాళ్లు ‘నిఘంటువు అద్దం, ఉన్నదే చూపిస్తుంది’ అన్నారు.

ఈ పక్షంలో బలముంది. పాత గ్రంథాలను కత్తిరించడం చరిత్రకు ద్రోహం. కాని ‘మూలం మంచిది కాబట్టి మీరు నొచ్చుకోకూడదు’ అన్న రెండో అడుగు మొదటిదాని నుంచి రాదు. మాట అర్థం అది పుట్టిన చోటే ఆగిపోతుందని నమ్మితేనే ఆ అడుగు వేయగలం. అలా నమ్మితే మలయ్ భాషలో సగం మాటలు చిక్కుల్లో పడతాయి. రంజాన్ ఉపవాసాన్ని మలయ్ ముస్లింలు ‘పువాసా’ అంటారు, అది మన ఉపవాసమే. స్వర్గం ‘షుర్గా’, నరకం ‘నెరాకా’, పాపం ‘దోసా’, పుణ్యఫలం ‘పహలా’, మతం ‘ఆగామా’. మూలాన్ని బట్టి ఇవన్నీ హిందూ, బౌద్ధ మాటలని ఎవరూ పేచీ పెట్టరు, పెట్టకూడదు కూడా. ‘బూమిపుత్రా’ మరింత చూడదగ్గది. మాట నూటికి నూరుపాళ్లు సంస్కృతం. మలేషియా రాజకీయాల్లో మాత్రం మలయ్‌లకు, స్థానిక జాతులకు వర్తిస్తుంది. భారతీయులకు వర్తించదు. భూమి, పుత్రుడు మా భాష మాటలు కాబట్టి ఆ హోదా మాదేనని ఏ భారతీయుడైనా వాదిస్తే ఎవరు వింటారు?

వాడుకవాదులు చెప్పేది

రెండో పక్షానికి భాషాశాస్త్రం తోడు నిలుస్తుంది. మాట అర్థాన్ని ఇప్పటి మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు కలిసి నిర్ణయిస్తారని వాళ్లంటారు. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. యోగం, రూఢి అన్న విభాగం మన శాస్త్రాల్లో ఎప్పటినుంచో ఉంది. అవయవాల అర్థం ఒకటి, లోకంలో స్థిరపడ్డ అర్థం ఇంకొకటి, రెండూ తలపడితే రూఢిదే పైచేయి అని శాస్త్రకారుల తీర్పు. బురదలో పుట్టేవి చాలా ఉన్నా పంకజం తామరే. కుశను కోసేవాడు కుశలుడు, వీణ బాగా వాయించేవాడు ప్రవీణుడు అన్నవి వ్యుత్పత్తులు. ఇవాళ కుశలానికి దర్భతో, ప్రావీణ్యానికి వీణతో పనిలేదు.

అచ్చతెలుగులోనూ ఉదాహరణలకు కొదవలేదు. నువ్వుల నెయ్యి నూనె అయింది, ఇప్పుడు వేరుశనగ నూనె అంటాం. చెంబు అంటే రాగి, ఇప్పుడు స్టీలు చెంబు అంటాం. కంపు ఒకప్పుడు సువాసనకూ చెల్లింది, కన్నడంలో ఇప్పటికీ చెల్లుతుంది. తెలుగులో ఒక పూలకొట్టు మీద ఆ మాట రాయగలరా? ‘సాని’ ఇంకా దగ్గరి పోలిక. స్వామిని నుంచి వచ్చిన మాట. గుడి శాసనాల్లో గుడిసేవ చేసేవారి సంఘమైన సానిమున్నూరు గౌరవమైన వ్యవస్థ. ‘దొరసాని’లో ఆ గౌరవం ఈనాటికీ ఉంది. విడిగా ‘సాని’ అంటే మాత్రం తిట్టు. ఒకే మూలం, ఒకే కాలం, ఒకే ఊరు, రెండు విలువలు. మూలం ఒక్కటే ప్రమాణమైతే ఇది జరగకూడదు.

వాడుకే ప్రమాణమని తెలుగులో గట్టిగా నిలబడి వాదించిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. ‘కెలింగ్’ మాట బయల్దేరిన నేల అదే. ఆయన పోరాటం వ్యాకరణ రూపాల గురించి, తిట్ల గురించి కాదు. అయినా పాత పుస్తకంలో ఉంది కాబట్టి అదే ఒప్పు అన్న మాటను ఆయన పక్కన పెట్టిన తీరు ఈ చర్చకూ పనికొస్తుంది.

వాడుకవాదుల పక్షాన మరో గట్టి సాక్ష్యం ‘హరిజన’. ఆ మాట పుట్టుకలో దేవుడు ఉన్నాడు, గాంధీ సదుద్దేశం ఉంది. అంబేద్కర్ ఒప్పుకోలేదు, దళితులు ఒప్పుకోలేదు. 1982లో భారత ప్రభుత్వం కులధ్రువీకరణ పత్రాల్లో ఆ మాట వాడొద్దని చెప్పింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ ‘పంచమ’ అన్న మాటను తోసిపుచ్చి ఆది ఆంధ్ర అన్న పేరు ఎంచుకుంది. పెట్టినవారి మనసు ఎంత మంచిదైనా, మోసేవారు వద్దన్నాక ఆ పేరు చెల్లదు.

‘పరియా’, ‘ఇంటర్‌లోక్’

మలేషియాలో ఈ చర్చ అన్నిటికంటే వేడెక్కింది ‘కెలింగ్’ మీద కాదు, ‘పరియా’ మీద. పరై అనే డప్పు నుంచి తమిళంలో పరైయర్ అన్న కులనామం వచ్చింది. ఇంగ్లీషులోకి వెళ్లి వెలివేయబడ్డవాడన్న అర్థం తెచ్చుకుంది. మలయ్‌లో నీచుడు అనే ఘోరమైన తిట్టైంది. జాతీయ సాహితీవేత్త బిరుదు పొందిన అబ్దుల్లా హుస్సేన్ 1971లో ప్రచురించిన ‘ఇంటర్‌లోక్’ నవలలో భారతీయ వలసదారుల కులం గురించి రాస్తూ ఆ మాట వాడారు. మలయ్, చైనా, భారతీయ కుటుంబాలు ఒకరికొకరు తోడై బతకడమే ఆ నవల ఇతివృత్తం. దాన్ని బడుల్లో పాఠ్యగ్రంథంగా పెట్టాక 2011 ఆరంభంలో నిరసనలు చెలరేగాయి. ముందు సవరిస్తామన్నారు, ఆ ఏడాది చివరికి పాఠ్యాంశాల నుంచే తీసేశారు.

ఈ వ్యవహారం ఇరుపక్షాలకూ ఇబ్బందికరమే. నవలలో ఆ మాట కులనామంగా వచ్చింది, తిట్టుగా కాదు అన్నది నిజం. పదహారేళ్ల పిల్లలున్న తరగతిలో అది మర్నాటికి తిట్టైపోతుందన్నదీ నిజం. నిరసనలో ఇంకొక పొర కూడా ఉంది, దాన్ని ఎత్తిచూపినవారు తక్కువ. కులం మాట రావడమే అవమానమని కొందరు భావించారు. ఆ పేరు గలవారిని మన సమాజమే తక్కువ చేసింది కాబట్టే అది తిట్టుగా మారిందన్న సంగతి ఆ వేడిలో మరుగున పడింది.

అదే దేశంలో తారుమారైన వాదన

‘కెలింగ్’ చర్చను విడిగా చూస్తే అందని ఒక విషయం ‘అల్లా’ వివాదం పక్కన పెడితే అందుతుంది. 1986లో మలేషియా హోంశాఖ అల్లాతో సహా నాలుగు మాటలను క్రైస్తవ ప్రచురణల్లో నిషేధించింది. కాథలిక్ వారపత్రిక ‘హెరాల్డ్’ కోర్టుకెళ్లింది. 2009 డిసెంబర్ 31న హైకోర్టు పత్రిక పక్షాన తీర్పిచ్చింది. 2013 అక్టోబర్‌లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, 2014లో అత్యున్నత న్యాయస్థానం తదుపరి అప్పీలుకు అనుమతి నిరాకరించింది. సారవాక్‌కు చెందిన ఒక క్రైస్తవ మహిళ వేసిన మరో కేసులో 2021 మార్చి 10న హైకోర్టు 1986 నాటి ఆదేశం చెల్లదంది.

ఇక్కడ మూలవాదం చేసినవారు క్రైస్తవులు. ఇస్లాంకు ముందే అరబ్ క్రైస్తవులకు ఆ మాట తెలుసు, 1629లో అచ్చైన మత్తయి సువార్త మలయ్ అనువాదంలోనూ ఆ మాటే ఉంది అన్నారు. మూలం ఏదైనా, ఈ దేశంలో ఈనాటి అర్థం ముస్లింల దేవుడే అన్నది అవతలి పక్షం. ‘కెలింగ్’ దగ్గరికి వచ్చేసరికి పక్షాలు తారుమారయ్యాయి. మలయ్‌లలో చాలామంది మూలాన్ని చూపించారు, మైనారిటీలు ఇప్పటి అర్థాన్ని చూపించారు.

అంటే మూలమా, వాడుకా అన్న సూత్రాన్ని ఎవరూ సూత్రంగా పట్టుకోలేదు. ఎవరికి ఏది అక్కరకొస్తే దాన్ని తీశారు. ఈ సమీక్షకు ఇదే కీలకం. రెండు కేసుల్లో తేడా మాట వయసులో లేదు, ఆ మాట ఎవరిని ఉద్దేశించింది అన్నదాంట్లో ఉంది. ‘అల్లా’ అన్నప్పుడు ఒక సమాజం తన దేవుణ్ణి తాను పిలుచుకుంటోంది. ‘కెలింగ్’ అన్నప్పుడు ఒక సమాజం ఇంకొక సమాజాన్ని పిలుస్తోంది. తన ప్రార్థనలో తన మాట వాడుకునే హక్కుకు పాత వాడుక మంచి సాక్ష్యం. ఎదుటివాణ్ణి అతను వద్దన్న పేరుతో పిలిచే హక్కుకు ఎంత పాత వాడుకైనా సాక్ష్యం కాదు.

2018లో, ప్రధానమంత్రిగా పనిచేసిన మహాథిర్ మొహమ్మద్ ఆ మాట వాడి విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పారు. తొంభై దాటిన ఆయన తరానికి అది మామూలు మాటే కావచ్చు. క్షమాపణ చెప్పడంతో నాయకుల నోట అది మామూలు మాట కాదని తేలింది.

మూడో దారి, దాని చిక్కులు

ఈ రెండు పక్షాల నడుమ సందర్భాన్ని బట్టి తేల్చాలనేవారు ఉన్నారు. మనుషుల్ని పిలిచేటప్పుడు వద్దు, స్థలనామాల్లో ఉండనివ్వండి, పాత గ్రంథాల్లో వివరణతో ఉంచండి, నిఘంటువులో ‘అవమానకరం’ అన్న గుర్తుతో ఉంచండి అంటారు. పనికి ఇదే కుదిరేలా ఉంది. నిఘంటువు అద్దమే అయితే ఆ మాట నొప్పించడం కూడా అందులో కనపడాలి కదా.

స్థలనామాల విషయంలో ఈ దారి మరింత నిలకడగా ఉంది. కపితాన్ కెలింగ్ అన్నది పినాంగ్‌లో కంపెనీ పాలన కింద కాదర్ మొహిదీన్ అనే దక్షిణ భారత ముస్లిం పెద్దకు దక్కిన హోదా. ఆ మసీదు ఆయన కట్టించినది. పేరు మారిస్తే, ఆ సమాజం ఒకప్పుడు తన నాయకుణ్ణి తాను నిలబెట్టుకుందన్న ఆనవాలు పోతుంది. ఇదే తర్కం సింగపూర్ వీధికి ఎందుకు వర్తించలేదని అడగొచ్చు. అక్కడ ఆ పేరు సొంత సమాజం కట్టిన గుడికో మసీదుకో పెట్టుకున్నది కాదు, బయటివారు వీధికి అంటించినది.

బయటినుంచి పేరు అంటించడం బర్మాలో తెలుగువారికీ జరిగింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు రంగూన్‌లో తెలుగు కూలీలంతా ‘కోరంగీ’లయ్యారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగేనాటికి ఆ మాటలో రేవు ఎవరికీ గుర్తులేదు. ఊరి పేరు మనిషి పేరై, మనిషి పేరు తిట్టై పోవడానికి బంగాళాఖాతం అవతల ఒకటికి రెండు సాక్ష్యాలు.

తేలనివి

ఒక సమాజం తరఫున ఎవరు మాట్లాడాలన్నది ఇంకా తేలలేదు. మలేషియాలో దాదాపు 20 లక్షల మంది భారతీయ సంతతివారు ఉన్నారు. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, సిక్కులు, భారతీయ ముస్లింలు అందరినీ ‘ఇండియన్’ అన్న ఒక్క గదిలో పెడతారు. భారతీయ ముస్లింలలో కొందరు నిఘంటువులో ఆ మాట వద్దన్నారు, అయినా తమ మసీదు పేరులో ‘కెలింగ్’ను గర్వంగా నిలుపుకుంటారు. తోటకూలీల మనవళ్లకు అదే మాట గాయం. 1955లో ఆంధ్ర సంఘంగా మొదలైన మలేషియా తెలుగువారి సంస్థ తర్వాత తెలుగు సంఘమైంది. ఆ మార్పు ఎవరూ బయటినుంచి చేయలేదు, కాబట్టే వివాదం కాలేదు.

పాత సాహిత్యాన్ని బడుల్లో ఎలా చెప్పాలన్నది కూడా తేలలేదు. ‘ఇంటర్‌లోక్’ తర్వాత పాఠ్యపుస్తకాల సంఘాలు ఇబ్బందిపెట్టే రచనను పక్కన పెట్టడమే సులువని నేర్చుకుంటే ‘సెజారా మెలాయు’ రేపు ఏమవుతుంది? మాటతో పాటు దాని ప్రయాణాన్నీ చెప్పే ఉపాధ్యాయుడు ఉంటే ఆ గ్రంథంలోని కెలింగ్ రాజులు తరగతిలోని భారతీయ పిల్లలకు ఆస్తి అవుతారు, లేకపోతే వెనక బెంచీకి తిట్టు దొరుకుతుంది. ఉపాధ్యాయ శిక్షణలో దీనికి చోటు పెట్టడం పుస్తకం తీసేయడం కంటే కష్టం, కాని చేయదగ్గ పని.

తెలుగులోకి ‘హికాయత్ హంగ్ తువా’ను పూర్తిగా తేదలచినవారికి ఈ చర్చ మొదటి పుటల్లోనే ఎదురవుతుంది. ‘బెనువా కెలింగ్’ను కళింగదేశం అంటే మూలం నిలుస్తుంది, కాని కథలోని రాజధాని విజయనగరం, అది కళింగం కాదు. దక్షిణ భారతం అంటే అర్థం సరిపోతుంది, కాని సముద్రం అవతల మన తీరం పేరు బతికిన సంగతి పోతుంది. ‘కెలింగ్’ అనే ఉంచితే కౌలాలంపూర్‌లోని తెలుగు పాఠకుడు నొచ్చుకుంటాడు, కాకినాడలోని పాఠకుడికి ఆ నొప్పి తెలియదు. అనువాదకుడు ఆ ఇద్దరికీ కలిపి పుట అడుగున ఏం రాయాలన్నది ఇంకా ఎవరూ రాయని పేరా.